ల్యూట్ చూడుము, ఊద్ చూడుము

అక్కయ్యగారూ, తల్లీ, పెద్దసారూ, ఈ హాలు నిండా కూర్చున్న ఆప్తులారా, అందరికీ నమస్కారం.

వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు కాస్త ముందుకి రండి. పక్కగదిలో ఇంకా కుర్చీలున్నాయి, లాక్కొచ్చుకోండి. చప్పుడవుతుందని మొహమాటపడకండి. మనం ఎవరి కోసం ఇక్కడ చేరామో ఆయన కిర్రుమనే కుర్చీ కనిపిస్తే వదిలేవాడు కాదు. తిరగేసి, ఏ కాలు వదులైందో చూసి, అక్కడికక్కడే బిగించి గానీ కూర్చునేవాడు కాదు. ఇవాళ ఆయన లేడని తెలిసి ఈ లైబ్రరీ కుర్చీలన్నీ ఎంత ధైర్యంగా కిర్రుమంటున్నాయో వింటున్నారుగా?

ఆయన లేడు. రెండు వారాలైంది, ఈ మాట అనడానికి నాకింకా నోరు రావడం లేదు. మధ్యాహ్నం భోజనం చేసి, కొట్లో తన కుర్చీలో కూర్చుని, తీగ చుట్టే బిరడ ఒకటి చెక్కుతూ చెక్కుతూ అలాగే వెళ్లిపోయాడు. డెబ్బై తొమ్మిదేళ్లు. చేతిలో పని ఉండగానే పోయాడు, అదృష్టవంతుడు అని అందరూ అంటున్నారు. ఆ బిరడ ఎవరి వాయిద్యానిదో ఆయన ఇక్కడే మూడో వరుసలో ఉన్నాడు. నాలుగు నెలలు తిరిగితే తన వంతు వచ్చిందట పాపం. ఆయన్ని కూడా ఓదార్చాలి మనం.

ముందే ఒక క్షమాపణ చెప్పుకుంటాను. నేను ఆయన్ని 'అన్నారు, వచ్చారు' అనలేను. 'గారు' అంటే ఒంటికాలి మీద లేచేవాడు. "మేస్త్రీ అను చాలు, గారు అంటే నాకు పక్కన ఇంకెవరో ఉన్నట్టుంటుంది" అనేవాడు. అందుకని ఇవాళ కూడా మేస్త్రీ అనే అంటాను, వాడుకలోనే మాట్లాడతాను. అక్కయ్యగారు తప్పు పట్టరని నాకు తెలుసు. ఆయన ఇల్లాలై ఉండి ఆవిడ కూడా ముప్పై ఏళ్లుగా ఆయన్ని మేస్త్రీ అనే పిలుస్తున్నారు, అదీ వీధి చివరికి వినిపించేలా.

నేనెవరో తెలియనివాళ్ల కోసం చెబుతాను. నేను నిఘంటువు కార్యాలయంలో పనిచేస్తాను. మాటలకి అర్థాలు రాయడం నా పని. మేస్త్రీ నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఏం డిక్షనరీ, ఇవాళ ఏ అక్షరం దగ్గరున్నావు?" అని అడిగేవాడు. ఆయన కొట్లోనే కాదు, ఆ వీధి మొత్తానికి నేను డిక్షనరీనే. టీకొట్టు అబ్బాయి కూడా "డిక్షనరీకి ఒక టీ" అనే అంటాడు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను, దాచిపెట్టడం నాకు చేతకాదు. ఇవాళ నేను కేవలం సంతాపం తెలపడానికి రాలేదు. నా జేబులో ఒక కాగితం ఉంది. తొమ్మిది లైన్లు. మేస్త్రీకి నేనిచ్చిన మాట అది. సోమవారం పొద్దున అది అచ్చుకి వెళ్లిపోతుంది. అందులో తొమ్మిదో లైనుకి మా పెద్దసారు, అంటే మా ప్రధాన సంపాదకులు, ఇంకా ఒప్పుకోలేదు. పెద్దసారు ఇదిగో, మొదటి వరుసలోనే ఉన్నారు. ఆయన్ని నలుగురిలో ఇరుకున పెట్టాలని నేను రాలేదు. సరే, చనిపోయినవాడి ఫోటో ముందు అబద్ధమెందుకు, అందుకే వచ్చాను.

నవ్వండి, ఫర్వాలేదు. మేస్త్రీ ఫోటో చూడండి, ఆయనే నవ్వుతున్నాడు.

అసలు ఈ తొమ్మిది లైన్ల గొడవేమిటో చెప్పాలంటే ముప్పై ఒక్కేళ్లు వెనక్కి వెళ్లాలి. అప్పటికి నేను ఆఫీసులో చేరి నాలుగేళ్లే. మేస్త్రీకి ఈ లైబ్రరీ వెనక వీధిలో కొట్టు. తీగలున్న వాయిద్యం ఏదైనా సరే, పగిలినా విరిగినా మూగబోయినా అక్కడికే వచ్చేది. కానీ ఆయన ప్రాణమంతా ఒక్కదాని మీదే. ఊద్. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. పెద్ద బేరికాయని నిలువునా సగానికి కోస్తే ఎలా ఉంటుందో అలాంటి బొజ్జ. పొట్టి మెడ. ఆ మెడ చివర తల వెనక్కి విరిగినట్టు వంగి ఉంటుంది. దీన్ని మొదటిసారి చూసినవాళ్లలో సగం మంది విరిగిపోయిందనే అనుకుంటారు. మిగతా సగం మంది పేరు విని, ఎక్కడ ఊదాలి అని అడుగుతారు. ఆ ప్రశ్న అడిగినవాళ్లని మేస్త్రీ ఏమీ అనేవాడు కాదు. ఒక తీగ మీటి చూపించి, "ఇక్కడ" అనేవాడు.

అలా ఒకరోజు ఒక పెద్దావిడ కొట్టుకొచ్చి, ఊద్ అంటే అర్థమేమిటి బాబూ అని అడిగిందట. మేస్త్రీకి తెలియదు. ఇరవై ఏళ్లుగా బాగుచేస్తున్నాడు, పేరుకి అర్థమేమిటో ఏనాడూ అనుకోలేదు. సిగ్గనిపించింది. కొట్టు మూసి సరాసరి ఈ హాలుకే వచ్చాడు. అదిగో ఆ మూల బీరువా కనిపిస్తోందా? మా నిఘంటువు అప్పుడూ అక్కడే ఉండేది. మొదటి సంపుటం కింది అరలో, నాలుగో సంపుటం పై అరలో. మొదటి సంపుటం తీశాడు. ఊద్: ల్యూట్ చూడుము. సరే అని స్టూలెక్కి నాలుగో సంపుటం దించాడు. ల్యూట్: ఊద్ చూడుము.

ఆ రెండు అక్షరాల పేజీలూ రాసినవాణ్ని నేనే. ఊ పేజీలు రాసినప్పుడు, అర్థం ల దగ్గర రాద్దాంలే అనుకున్నాను. మూడేళ్ల తర్వాత ల పేజీలు రాసినప్పుడు, ఊ దగ్గర రాసేశానుగా అనుకున్నాను. ఇలాంటి తప్పు ఇంకెవరైనా చేయగలరా చెప్పండి? వంటవాడు చేయలేడు, డ్రైవరు చేయలేడు. దీనికి నిఘంటువు ఆఫీసు జీతం ఉండాల్సిందే.

మర్నాడు ఆయన మా ఆఫీసుకొచ్చాడు. చంకలో ఊద్. నుదుటి మీద చెమట. లోపలికొచ్చి, ఎవరినీ పలకరించకుండా, గది మధ్యలో నిలబడి అన్నాడు: "అయ్యా, నేను మీ పుస్తకంలో నిన్నటినుంచి తిరుగుతున్నాను. మూడుసార్లు స్టూలెక్కాను, మూడుసార్లు దిగాను. ఇటు పోతే అటు పొమ్మంటున్నారు, అటు పోతే ఇటు పొమ్మంటున్నారు. దిగాల్సిన స్టాపెక్కడో చెబితే దిగిపోతాను."

గదిలో పదకొండుమందిమి. పదిమంది నావైపు తిరిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. నీళ్లు నమిలాను. వచ్చే ముద్రణలో సరిచేస్తాం అన్నాను. ఎప్పుడొస్తుంది అన్నాడు. త్వరలో అన్నాను. ఆ 'త్వరలో' వచ్చేసరికి ముప్పై ఒక్కేళ్లు పట్టింది, పెద్దసారూ. మీ తప్పు లేదు, మీకు ముందు ఇద్దరు పెద్దసార్లు మారారు.

పోనీ నోటితోనైనా అర్థం చెప్పు అన్నాడు. నేను పరిగెత్తి, పెద్ద పుస్తకాలు నాలుగు తిరగేసి, వచ్చి చెప్పాను. ఇది అరబ్బీ మాట, దీనికి కర్ర అని అర్థం అన్నాను. చెప్పేశాను, పీడా వదిలింది అనుకున్నాను.

"కర్రా?" అన్నాడు. ఆ 'కర్రా' నా చెవిలో ఇప్పటికీ ఉంది. "ఏ వాయిద్యం కర్ర కాదు చెప్పు? నీ బల్ల కర్ర. నీ కుర్చీ కర్ర. అదిగో ఆ తలుపు కర్ర. అన్నిటినీ వదిలేసి దీనికొక్కదానికే కర్ర అని ఎందుకు పేరు పెట్టారు?"

ఆయన నా కుర్చీ తిరగేసి ఒక కాలు బిగించి వెళ్లిపోయాడు. అలా మొదలైంది మా స్నేహం.

ఆ తర్వాత నేను ఆయన కొట్టు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాను. ఆ కొట్టు ఎలా ఉండేదో ఇక్కడ సగం మందికి తెలుసు. గుమ్మంలో కాలు పెడితే జిగురు వాసన. గోడకి వాయిద్యాల బొజ్జలు వేలాడుతూ ఉండేవి. కిటికీ దగ్గర పొడవాటి బల్ల, దాని మీద సన్నటి చెక్కపట్టీలు. ఒక్కో పట్టీని వేడి గొట్టం మీద వంచి, పక్కపక్కనే అతికిస్తూ పోతే ఊద్ వీపు తయారయ్యేది. నేను వెళ్లినప్పుడల్లా కొత్త సంగతి ఒకటి పట్టుకెళ్లేవాణ్ని. మేస్త్రీ, ఈ వీపు పట్టీలని బట్టే కర్ర అనే పేరొచ్చిందని కొందరంటున్నారు. మేస్త్రీ, తీగ మీటే పుల్లని బట్టి వచ్చిందని ఇంకొందరంటున్నారు. మేస్త్రీ, పడమటి దేశాలవాళ్ల ల్యూట్ కూడా ఈ మాట నుంచే పుట్టిందట. అరబ్బీవాళ్లు మాట ముందు 'అల్' అని చేరిస్తే, వీళ్లు అందులో 'ల'ని కూడా కలిపి పట్టుకుపోయారట.

ఆ చివరిది విని ఆయన చాలాసేపు నవ్వాడు. వాయిద్యం కొనడానికొచ్చి గుమ్మంలో చెప్పులు కూడా వేసుకుపోయినట్టుంది అన్నాడు.

ఒకరోజు, మన ఊదుబత్తిలో ఉన్న ఊదు కూడా ఈ మాటేనని చెప్పాను. అదీ కర్రే, సువాసన ఉన్న కర్ర. నమ్మలేదు. పుస్తకం తెచ్చి చూపించమన్నాడు. చూపించాను. అంతే, కొట్లోకి ఎవరొచ్చినా ఆ చుట్టరికం చెప్పకుండా పంపేవాడు కాదు. అక్కయ్యగారు ఇంట్లో ఊదుబత్తి వెలిగిస్తే, "మా వాళ్లొచ్చారా?" అని లోపలినుంచి అడిగేవాడట.

ఇక మన చరిత్ర మేష్టారు. ఎక్కడున్నారు? ఆ, అక్కడ, తల దించుకుని నవ్వుతున్నారు. ఈయనది వేరే వాదం. ఇది అసలు కర్రే కాదు, పారసీకంలో తీగ అనే అర్థమున్న మాట ఒకటుంది, అదే నోళ్లలో నలిగి ఇలా అయిందంటారు. పండితుల్లో కూడా అలా అన్నవాళ్లున్నారు, మేష్టారు సొంతంగా కల్పించలేదు. కానీ ఆ మాట కొట్లో అన్నరోజు నేను ఊరుకోలేదు. నేను కర్ర, ఆయన తీగ. గంటన్నర అరుచుకున్నాం. మేస్త్రీ మధ్యలో కూర్చుని ఒక బిరడ చెక్కుకుంటున్నాడు. చివరికి తలెత్తి, "ఇద్దరూ నోళ్లతో ఎంతసేపు తేలుస్తారు, చేసి చూద్దాం" అన్నాడు.

పేరుకి అర్థం ఏమిటో చేసి చూడటం! మీరెప్పుడైనా విన్నారా?

ఆయన ఆలోచన ఇది. పాతకాలంలో ఇలాంటి వాయిద్యాలకి కొన్నిటికి ముఖం తోలుతో ఉండేది, డప్పుకి ఉన్నట్టు. ఊద్‌కి మాత్రం ముఖం చెక్క. ఆ తేడా వల్లే కర్ర అనే పేరొచ్చిందని పండితులు కొందరంటారు. నిజమా కాదా? మేస్త్రీ నాలుగు నెలలు కూర్చుని, ఒకే కొలతలతో రెండు చేశాడు. ఒకదానికి చెక్క ముఖం, ఒకదానికి తోలు ముఖం. కొట్లో మరమ్మతులన్నీ ఆగిపోయాయి. వాయించేవాళ్లు లబోదిబోమన్నారు. అక్కయ్యగారు నాకు ఆ నాలుగు నెలలు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

ఒక ఆదివారం పొద్దున మమ్మల్ని తొమ్మిదిమందిని పిలిచాడు. పరీక్ష ఏమిటో చెప్పలేదు. ఆరోజే వాన పట్టుకుంది. వానకి తోలు కాస్తా వదులైపోయి, మీటితే తడిదుప్పటి దులిపినట్టు శబ్దం వచ్చింది. చరిత్ర మేష్టారు పడీపడీ నవ్వారు. మేస్త్రీ చలించలేదు. పొయ్యి వెలిగించి, తోలు ముఖాన్ని కాచి కాచి బిగువు తెచ్చాడు. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కర్నీ పిలిచి, "ఏది వింటారో అడగండి, వాయిస్తాను" అన్నాడు. అంతే. ఇంకేం అడగలేదు.

తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది ఏమన్నారో తెలుసా? "ఆ తోలుది వాయించండి." "ఆ కర్రది వాయించండి." సాక్షాత్తూ తీగ వాదం చేసిన చరిత్ర మేష్టారే, "ముందు ఆ కర్రది కానివ్వండి" అన్నారు! అన్నాక నాలుక కరుచుకున్నారు. ఒక్కరు మాత్రం, "మొదటిది, తరువాత రెండవది" అన్నారు. అలా నిఘంటువులా మాట్లాడినవారెవరో నేను చెప్పను. మొదటి వరుసలో ఉన్నారు.

నేను ఎగిరి గంతేశాను. మేస్త్రీ, పక్కన తోలుది ఉంటే చెక్కదాన్ని కర్ర అనే పిలుస్తారని తేలిపోయింది, రాసేస్తున్నాను అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మన కొట్లో తేలింది డిక్షనరీ. వెయ్యేళ్ల కింద ఎవరి కొట్లో ఏమైందో మనం చూశామా? ఉండొచ్చు అని రాయి. ఉంది అని రాయకు" అన్నాడు. నాలుగు నెలల కష్టం అది. తన చేతులతో తనే గెలిచాడు. అయినా గెలిచానని రాయొద్దన్నాడు. అలాంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఎందుకలా అన్నాడో ఇంకో రోజు అర్థమైంది. ఎవరిదో పాత ఊద్ ముఖం విప్పి బల్ల మీద పెట్టాడు. లోపల చూడమన్నాడు. బొజ్జ లోపలి చెక్క మీద పెన్సిల్ రాతలు. ఈ పనివాళ్ల ఆచారమట అది. ముఖం అతికించేముందు, ఏం బాగుచేశారో లోపల రాసి పెడతారు. కొన్నవాడికి కనపడదు, వాయించేవాడికి కనపడదు. మళ్లీ ఎప్పుడో, ఏ నలభై ఏళ్లకో దాన్ని విప్పే మేస్త్రీకి మాత్రమే కనపడుతుంది. ఎన్నడూ చూడని మనిషికి రాసే ఉత్తరం అన్నమాట.

ఆరోజు మన మేస్త్రీ ఏం రాశాడో నా కళ్లతో చూశాను. "మెడ దగ్గర పగులు అతికించాను. ఎందుకు పగిలిందో నాకు తెలియలేదు. నువ్వు చూడు." తెలియలేదని ఎందుకు రాయడం, పరువు తక్కువ కాదా అని అడిగాను. "తెలియదని రాస్తే వచ్చేవాడు వెతుకుతాడు. తెలిసినట్టు రాస్తే వాడు నమ్మి మూత పెట్టేస్తాడు. పగులు మళ్లీ వస్తుంది" అన్నాడు.

ఇప్పుడు ఆ తొమ్మిదో లైను సంగతి.

రెండు నెలల క్రితం, ఎట్టకేలకి, కొత్త ముద్రణకి ఊ పేజీలు నా బల్ల మీదికొచ్చాయి. ఒక్కో మాటకి ఇన్ని లైన్లని లెక్కుంటుంది. ఊద్‌కి తొమ్మిదిచ్చారు. ఎనిమిది రాసి కొట్టుకి పట్టుకెళ్లాను. అప్పటికి మేస్త్రీ కాస్త నెమ్మదించాడు, ఎక్కువ పని ఆయన కూతురు, ఈ అమ్మాయే చూస్తోంది. కళ్లు మూసుకుని విన్నాడు. రెండుసార్లు చదివించుకున్నాడు. "అంతా బాగుంది. చివర తెలియదని పెట్టు" అన్నాడు. పెడతాను అన్నాను. "అచ్చుకి ముందు నాకు చదివి వినిపించు" అన్నాడు. వినిపిస్తాను అన్నాను. చేతిలో చెయ్యి వేసి మరీ అన్నాను.

పెద్దసారు ఆ లైను కొట్టేశారు. మళ్లీ పెట్టాను, మళ్లీ కొట్టేశారు. మూడోసారి పిలిచి, "నిఘంటువు అనేది తెలిసింది చెప్పడానికయ్యా. తెలియదని చెప్పుకోవడానికి ఇంత కాగితం ఎందుకు?" అన్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది, కాదనను. నేను బయటికొచ్చేశాను. ముప్పై ఐదేళ్ల ఉద్యోగం, పెద్దసారు ముందు నా నోరు అలా కట్టుబడిపోయింది.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను. మేస్త్రీకి ఏ మొహం పెట్టుకుని చెప్పను, ఆ లైను పోయిందని? చెప్పలేక మొహం చాటేశాను. వారం రోజులు ఆ వీధి తప్పించి, చుట్టుతిరిగి ఆఫీసుకెళ్లాను. "డిక్షనరీ కనపడటం లేదేమే" అని అమ్మాయిని రోజూ అడిగాడట. ఆ వారంలోనే ఆయన వెళ్లిపోయాడు. చెప్పి ఉంటే ఏమయ్యేది? నవ్వేవాడు. నా కుర్చీ కాలు ఇంకోసారి బిగించేవాడు. అంతకంటే ఏమీ అనేవాడు కాదని తెలిసి కూడా వెళ్లలేదు. ఈ ఒక్కటి నన్ను చాలాకాలం వదలదు.

క్షమించండి. ఒక్క నిమిషం. మంచినీళ్లు ఇవ్వు తల్లీ.

సరే. బుధవారం నాడు ఈ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. "బాబాయ్, ఒకసారి కొట్టుకి రండి, మీరు చూడాల్సింది ఒకటుంది" అంది. వెళ్లాను. ఇవాళ్టి సభకి పెడదామని మేస్త్రీ సొంత ఊద్, గోడకి మొదట వేలాడేది, అదిగో ఆ బల్ల మీద ఉన్నదే, తీసి తుడుస్తోందట. లోపల ఏదైనా వదులైందేమోనని, ముఖం మీదున్న రంధ్రంలోంచి చిన్న దీపం, పళ్ల డాక్టరు దగ్గరుండేలాంటి చిన్న అద్దం పెట్టి చూసింది. లోపల పెన్సిల్ రాత. అద్దంలో తిరగబడి కనిపిస్తోంది. నేను ముక్కు ఆ రంధ్రానికి ఆనించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. తేదీ వేసుంది. ముప్పై ఒక్కేళ్ల కిందటిది. మా ఆఫీసుకొచ్చి స్టాపెక్కడ అని అడిగాడే, ఆ వారంలోనిది.

ఏం రాశాడో చెబుతాను, ఉన్నదున్నట్టు. "మెడ సరిచేశాను. వీపు మూడో పట్టీ మార్చాను. పేరుకి అర్థం నాకు తెలియదు. డిక్షనరీ ఆఫీసులో ఒక అబ్బాయి ఉన్నాడు, అతను చూసుకుంటాడు."

అతను చూసుకుంటాడు!

ఆ రోజుకి నేను ఆయనకి తప్పు తప్ప ఇంకేం చూపించాను చెప్పండి? పదిమందిలో నీళ్లు నమిలినవాణ్ని చూసి, ఇంటికెళ్లి, ఎవరూ చూడని చోట, ఎప్పుడో రాబోయే మేస్త్రీకి నా పూచీ రాసి మూత పెట్టేశాడు. ముప్పై ఒక్కేళ్లు నాతో టీ తాగాడు, తిట్టాడు, నవ్వాడు. ఈ సంగతి మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. ఆ రంధ్రం దగ్గర కూర్చుని నేను బావురుమన్నాను. అమ్మాయి నన్ను ఓదార్చింది. తండ్రి పోయిన పిల్ల నన్ను ఓదార్చింది.

అందుకని, అచ్చుకి ముందు వినిపిస్తానన్న మాట ఇవాళ నిలబెట్టుకుంటున్నాను. ఆలస్యంగానైనా సరే. మేస్త్రీ, విను.

"ఊద్: నామవాచకం. బొజ్జలాంటి వీపు, పొట్టి మెడ, వెనక్కి వంగిన తల గల పురాతన తంత్రీవాద్యం, మీటి వాయిస్తారు. అరబ్బీలో ఈ మాటకి కర్ర, పుల్ల, సన్నటి చెక్కపట్టీ అని అర్థాలు. ముఖం తోలుతో కాక చెక్కతో చేయడం వల్ల ఈ పేరు వచ్చి ఉండవచ్చునని కొందరు, వీపు పట్టీలని బట్టి అని కొందరు, మీటే పుల్లని బట్టి అని కొందరు, తీగ అనే అర్థమున్న పారసీక పదం నుంచి అని మరికొందరు అంటారు. పడమటి దేశాల ల్యూట్ అనే పేరు దీని నుంచి పుట్టినదే. ఊదుబత్తిలోని ఊదు కూడా ఈ మాటే. ఈ పేరు ఎందుకు వచ్చిందో నిశ్చయంగా తెలియదు, వెతకవలసి ఉంది."

ఆ చివరిదే తొమ్మిదో లైను. పెద్దసారూ, ఆఫీసులో అడగలేనిది ఇక్కడ అడుగుతున్నాను. ఇక్కడున్నవాళ్లంతా ఈ వాయిద్యాన్ని చేసేవాళ్లు, వాయించేవాళ్లు, దీనికోసం గంటన్నర అరుచుకున్నవాళ్లు. రేపు ఎవరో ఒక పిల్ల ఈ హాలుకొచ్చి, ఆ బీరువాలోంచి మన పుస్తకం తీస్తుంది. నేను ఒకసారి వచ్చినవాళ్లని ఇటూ అటూ తిప్పి పంపాను. ఇంకోసారి, అంతా తెలిసినట్టు మూత పెట్టి పంపలేను. వెతకమని చెప్పి పంపుదాం సార్. ఒక్క లైను. ఆయన పూచీ రాసిన మనిషిని నేను. నన్ను నిలబెట్టండి.

పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

తలూపారు! అందరూ చూశారుగా? చరిత్ర మేష్టారూ, మీరు చూశారా? మీరు సాక్షి. తల అడ్డంగా కాదు, నిలువునానే ఊపారు. సోమవారం మళ్లీ మాట మారిస్తే ఈ హాలు మొత్తాన్ని ఆఫీసుకి తీసుకొస్తాను సార్, కుర్చీలతో సహా.

చాలా సంతోషం. ఇక నా మాటలు అయిపోయాయి.

మౌనం పాటించడం మిగిలింది. దానికి మేస్త్రీ కొట్లో ఒక పద్ధతుంది, మీలో చాలామందికి అనుభవమే. కొత్త తీగ వేసి, బిగించి, ఒక్కసారి మీటేవాడు. మీటి, ఇలా చూపుడువేలు పైకెత్తేవాడు. ఆ మోత పూర్తిగా ఆగేదాకా కొట్లో ఎవరూ నోరు విప్పకూడదు. బేరానికొచ్చినవాడైనా, పోస్టుమాన్ అయినా సరే. మనకి ఎప్పుడో ఆగిపోయినట్టుండేది, ఆయన వేలు మాత్రం దిగేది కాదు. ఇంకా ఉంది, విను అన్నట్టు చూసేవాడు. ఆ వేలు దిగాకే మనం ఊపిరి పీల్చుకునేవాళ్లం.

ఇవాళ ఆ ఊద్ మీద బరువైన తీగని అమ్మాయి ఒక్కసారి మీటుతుంది. నిమిషమని, రెండు నిమిషాలని గడియారం చూసుకోవద్దు. ఈసారి వేలు దించడానికి ఆయన లేడు. ఎవరికి మోత ఆగిపోయిందనిపిస్తే వాళ్లు కూర్చోవచ్చు. నేను మాత్రం కాస్త ఆలస్యంగా కూర్చుంటాను, ఏమీ అనుకోకండి.

దయచేసి అందరూ లేచి నిలబడండి.

మీటు తల్లీ.